ఎడమచేతి ఇల్లు

"ఇంకొక్క స్క్రూ తిప్పారంటే బావగారూ, నిచ్చెన లాగేస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం!"

నిచ్చెన మీది మనిషి తిప్పడం ఆపాడు గానీ దిగలేదు. స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టుకుని కిందికి చూశాడు.

కటింగ్ టేబుల్ దగ్గర్నుంచి ఉన్నపళంగా వీధిలోకి పరిగెత్తుకొచ్చింది టైలరమ్మ. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క అలాగే ఉన్నాయి. బోర్డుకి నాలుగు స్క్రూలు. ఎడమ పక్క రెండూ అప్పటికే ఊడి బావగారి చొక్కా జేబులో చేరాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆ గుమ్మం మీద నిటారుగా ఉన్న బోర్డు, పైన ఇంటిపేరు, కింద 'టైలర్స్', ఒక పక్కకి ఒరిగి వేలాడుతోంది.

"విడాకుల కాగితం చేతికొచ్చి వారం దాటింది," అన్నాడాయన. "ఇంకా మా ఇంటిపేరు నీ షాపు మీద ఏమిటమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ నా దగ్గరికి పంపండి. కొలతలు తీసుకుంటాను."

ఎదురుగా మందుల షాపాయన నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. బావగారికి చిర్రెత్తుకొచ్చింది. కోపం వస్తే ఆయన ముందుగా పూర్వీకుల్ని పిలుస్తాడు.

"ఈ పేరంటే ఏమనుకున్నావు? కోటగుమ్మం దగ్గర శత్రువు కుడిచెయ్యి నరికేస్తే, ఎడమచేత్తో కత్తి పట్టి ఎనభైమందిని నేలకూల్చిన మనిషి మా వంశకర్త! అందుకే మా ఇంటిపేరుకి ఎడమచెయ్యి అని అర్థం. ఊరికే వచ్చిందా?"

ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున ఆ ఎనభైమందీ పన్నెండుమందే. ఆడపడుచు పెళ్ళినాటికి ముప్పై అయ్యారు. చచ్చినవాళ్ళు పెరుగుతూ పోవడం ఆ ఒక్క యుద్ధంలోనే జరిగింది.

"మంచిదే. ఆ వీరుడు ఒక్క చొక్కా అయినా కుట్టాడా?" అంది టైలరమ్మ. "నేను మిషను తొక్కకముందు ఈ వీధిలో ఈ పేరు ఎవరికి తెలుసు? చెప్పండి, ఒక్కరి పేరు చెప్పండి!"

"పేరు మాది, కుట్టు నీది. కుట్టు ఎవడు ఎత్తుకుపోతాడు? నీ దగ్గరే ఉంచుకో. పేరు మాత్రం మాకిచ్చెయ్."

"ఉన్నట్టుండి ఇంత తొందరేమొచ్చింది?"

బావగారు ఒక క్షణం తటపటాయించి, ఎలాగూ తెలిసేదే కదా అన్నట్టు చెప్పేశాడు. "తమ్ముడు వచ్చే నెల పక్కవీధిలో రెడీమేడ్ షాపు తెరుస్తున్నాడు. తనూ, ఆ అమ్మాయీ కలిసి. దానికి ఈ పేరే పెడుతున్నారు. జనానికి అలవాటైన పేరు కదా."

అలవాటైన పేరు. టైలరమ్మకి ఆ మాట మింగుడు పడలేదు. అలవాటు చేసిందెవరు? ఎనిమిది నెలల కిందట సంచీ భుజాన వేసుకుని, "నన్ను వెతకొద్దు" అని ఆ అమ్మాయితో వెళ్ళిపోయిన మనిషి, షాపులో ఏనాడైనా ఒక్క గుండీ అయినా ఎక్కించిన పాపాన పోయాడా?

"దిగండి," అంది. ఈసారి గొంతు పెద్దగా లేదు.

ఆయన దిగలేదు సరికదా, పంతానికి మూడో స్క్రూ కూడా తిప్పి జేబులో వేసుకున్నాడు. బోర్డు గిర్రున తిరిగి, మిగిలిన ఆ ఒక్క స్క్రూనీ గోడలోంచి పెళ్ళగించుకుని కిందికి దూకింది. టైలరమ్మ తప్పుకోవాల్సింది పోయి ఎదురెళ్ళింది. రెండు చేతులతో పట్టుకుంది. బోర్డు నేలని తాకలేదు. కానీ కుడి మణికట్టు కలుక్కుమంది.

"అడ్డం ఎవరు రమ్మన్నారు?" బావగారు గబగబా దిగి, తెల్లబోయిన మొహంతోనే జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "షాపుకి గానీ, బిల్లులకి గానీ, నీ పేరు ముందు గానీ ఈ ఇంటిపేరు వాడనని రాసుంది. రేపు పదింటికి ఇంటికొచ్చి అమ్మ ముందు సంతకం పెట్టు. పెట్టకపోతే కోర్టులో చూసుకుందాం."

"పదింటికి వస్తాను," అంది పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ. "సంతకానికి కాదు. నా మూడు స్క్రూలు మీ జేబులో ఉన్నాయి, వాటికోసం."

ఆయన వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు.

* * *

షాపులో కటింగ్ టేబుల్ పక్కన కూలబడింది టైలరమ్మ. బోర్డు గోడకి ఆనించి ఉంది.

కాజాలక్క లైనింగు గుడ్డ పొడుగ్గా చింపి, మణికట్టుకి చుట్టూ తిప్పి కట్టింది. ఈ షాపులో పనిచేస్తున్నది ఇరవై ఏళ్ళ లోపే అయినా, వెయ్యేళ్ళకి సరిపడా మాటలు మాట్లాడిన మనిషి ఆమె. పని ఒక్కటే: కాజాలు కుట్టడం, గుండీలు ఎక్కించడం. మౌనం ఆమె ఒంటికి సరిపడదు.

"పోనీలేవే, పీడ విరగడైంది. వేరే పేరు పెట్టుకుంటే పోలా? నీ పేరే పెట్టు."

"నా పేరుకి అర్థం తెలుసా నీకు?"

"ఏముంది, ఏ పువ్వో నక్షత్రమో అయ్యుంటుంది."

"'చాలు' అని."

కాజాలక్క సూది ఆగింది.

"నేను మూడో ఆడపిల్లని. నన్ను చూడగానే మా నాన్న అన్న మొదటి మాట అదేనట. ఇంక ఆడపిల్లలు చాలు అని. మా బామ్మ ఆ మాటకే ఓ పాతకాలం పదం వెతికి పేరుగా రాయించేసింది. పలకడానికి బాగానే ఉంటుంది. తెలిసినవాళ్ళు మాత్రం నవ్వుకుంటారు. ఆ పేరు షాపుకి పెడితే ఒక్క చొక్కా కుట్టించుకుని, చాలు అని వెళ్ళిపోతారు జనం."

కాజాలక్కకి నవ్వాలో వద్దో తెలియలేదు. "నా పేరుకి మహారాణి అని అర్థమట," అని గుండీల డబ్బా గలగలలాడించింది. "ఇదుగో నా రాజ్యం. ... మరి మీ పుట్టింటి పేరు?"

"అది మాది అయితేగా! మా తాత పని కోసం ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. లోపల రాసుకునే గుమాస్తా తలెత్తి చూడకుండా, ముందున్నవాడి ఇంటిపేరే తాతకీ రాసేశాడు. తాతకి చదువు రాదు. ఎవరో చదివి చెప్పేసరికి ముగ్గురు పిల్లలకీ అదే పేరు పడిపోయింది. ఆ ముందున్నాయన ఎవరో, ఆ పేరుకి అర్థమేమిటో మాకు ఇప్పటికీ తెలీదు."

"ఓసినీ! అంటే మీ వంశం వంశమంతా వరసలో రెండోవాళ్ళన్నమాట."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే టైలరమ్మ కళ్ళు నిండాయి.

"అది కాదక్కా. ఒక పేరు మా నాన్న విసుగు. ఇంకోటి ఎవడో గుమాస్తా బద్ధకం. ఈ మూడోది ఇచ్చింది వీళ్ళే, కాదనను. కానీ ఇచ్చిననాడు ఖాళీ గుడ్డముక్క ఇచ్చారు. కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి దాన్ని మనిషి తొడుక్కునేలా చేసింది నేను. ఈ వీధిలో ఎవరి కాలరు తిప్పినా లోపల పట్టీ మీద ఉండేది ఈ పేరే. అదే నా పేరు. నాకున్నది ఇదొక్కటే. ఇవ్వను గాక ఇవ్వను!"

"అరుపులు రేపు. ముందు ఈ కోట్ల సంగతి చూడు," అంది కాజాలక్క.

ఆస్పత్రి నర్సుల కోట్లు నలభై. ఎల్లుండి పొద్దున్నకల్లా ఇస్తానని మాటిచ్చింది. తెల్లగుడ్డ టేబుల్ మీద పరిచి, గీతలు గీసి సిద్ధంగా ఉంది. షాపులో ఎందరు కుట్టినా కత్తిరించేది టైలరమ్మ ఒక్కతే.

కుడిచేత్తో కత్తెర ఎత్తింది. మణికట్టులో మంట భుజందాకా పాకింది. పట్టు జారి కత్తెర టేబుల్ మీద పడింది. ఎడమచేత్తో ప్రయత్నించింది. గుడ్డ తెగకుండా రెండు బ్లేడుల మధ్య మడత పడి నలిగింది. ఇంకోసారి, మళ్ళీ నలిగింది. ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చి కత్తెర విసిరికొట్టింది.

"దాన్ని తిట్టి ఏం లాభం? అది కుడిచేతి కత్తెర. ఎడమచేత్తో దాన్ని ఆడించడం ఎవరి తరమూ కాదు." కాజాలక్క టేబుల్ కిందికి వంగి, అక్కడ పడి ఉన్న మూట బయటికి లాగింది. "పోనీ దీంతో చూడు. ఎలాగూ మొద్దే కదా, చెయ్యి కూడా మొద్దుదైతే సరిపోతుంది."

ఆ మూట చూడగానే టైలరమ్మకి కడుపు మండింది.

విడాకుల కాగితం వచ్చిన రోజున అత్తగారు షాపుకి వచ్చింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి రావడం. బల్ల మీద కూర్చోలేదు, మంచినీళ్ళు తాగలేదు, ఒక్క ముక్క మాట్లాడలేదు. పాతచీర ముక్కలో చుట్టిన మూట టేబుల్ మీద పెట్టి, కోడలి తల ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది. విప్పి చూస్తే కత్తెర. 'తెంచేసుకో' అని చెప్పడానికి కత్తెర తెచ్చిందా ఈ మహాతల్లి! ఇచ్చిందైనా పనికొచ్చేదా అంటే అదీ కాదు. ఆ రోజు ఒక పేలిక మీద ఒకే ఒక్కసారి ఆడించి చూసింది. తెగలేదు. అవమానానికి తోడు తుక్కు కూడానా అని టేబుల్ కిందికి తన్నేసింది.

"తియ్యి అవతల."

"ఒక్కసారి."

కాజాలక్క పోరు పడలేక ఎడమచేత్తో అందుకుంది. గుడ్డ అంచుకి ఆనించి, తెగదని తెలిసే నొక్కింది.

కర్‌ర్‌క్.

గీత మీద, గీత తప్పకుండా, జానెడు పొడుగున గుడ్డ రెండుగా విడిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైలరమ్మ గుడ్డ రెండు మడతలు పెట్టింది. తెగింది. నాలుగు పెట్టింది. తెగింది. ఎనిమిది మడతలు పెడితే ఎనిమిదీ తెగాయి. ఈ షాపులో ఇంత పదునైన కత్తెర ఎప్పుడూ లేదు.

దీపం కిందికి తెచ్చి తిప్పి తిప్పి చూసింది. మామూలు కత్తెరలో పై బ్లేడు కుడివైపు ఉంటుంది. దీంట్లో ఎడమవైపు ఉంది. పట్టు వంపులు కూడా తిరగేసి పోసినవే. ఎడమచేతివాటం మనిషి కోసం పనిగట్టుకుని చేయించిన కత్తెర అది. వారం రోజుల కిందట కోపంతో కళ్ళు మూసుకుపోకపోతే, పద్దెనిమిదేళ్ళు కత్తెర పట్టిన మనిషికి ఒక్క చూపులో తెలియాల్సిన సంగతి.

బొటనవేలి రింగు లోపలివైపు ఇనుము అరిగి నున్నగా అయిపోయింది. ఎన్నేళ్ళు వాడితే అంత అరుగుతుంది? ఆ రింగులో ఆమె వేలే బిగుతుగా పట్టింది. మగవాడి వేలైతే గోరు కూడా దూరదు.

"అక్కా," అంది టైలరమ్మ నెమ్మదిగా. "మా ఇంటిపేరుకి అర్థమేమిటి?"

"ఎడమచెయ్యి. ఎనభైమందిని చంపి..." కాజాలక్క ఆగిపోయింది. కత్తెర వైపు చూసింది. "అమ్మో!"

* * *

పదింటికి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా బావగారింటి గుమ్మం ఎక్కింది. ఎడమచేతిలో మూట ఉంది.

ముందుగదిలో గోడకి కత్తి వేలాడుతోంది. ఆ కత్తిని బావగారు ఎగ్జిబిషన్లో కొనుక్కొచ్చిన రోజు ఆమెకి గుర్తుంది. ధర చీటీ పీకింది ఆమే. ఇప్పుడు అడిగితే అది వంశకర్త వాడిన కత్తి. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కోడల్ని చూసి తలెత్తింది. కట్టు కట్టిన మణికట్టు చూసి తల దించేసుకుంది.

"కూర్చో," అన్నాడు బావగారు, కాగితం టీపాయి మీద పరిచి, దాని మీద పెన్ను పెట్టి. "గొడవ లేకుండా తేల్చుకుందాం. ఈ పేరు కత్తి పట్టినవాడి పేరు. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. కోడళ్ళకి, ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాడుకోమని ఇస్తాం. వెళ్ళేటప్పుడు ఇచ్చి వెళ్ళాలి. అందులో తప్పేముంది?"

"నేను ఎక్కడికీ వెళ్ళలేదు బావగారూ. వెళ్ళింది మీ తమ్ముడు."

టైలరమ్మ మూట విప్పి కత్తెర తీసి, కాగితం పక్కన పెట్టింది. అత్తగారి చేతిలో దుప్పటి మడత జారిపోయింది.

"అత్తయ్యా, ఇది ఎవరిది?"

కత్తెర మీంచి అత్తగారి చూపు కదల్లేదు. ఈ ఇంట్లో ఆవిడ నోట్లో నాలుక లేని మనిషని పేరు పడిపోయింది. కొడుకులు మాట్లాడుతుంటే మడతలు పెడుతుంది, ఊడుస్తుంది, ఏదో ఒకటి సర్దుతుంది. ఇప్పుడు సర్దడానికి చేతిలో ఏమీ లేదు.

"పాత కత్తెర గొడవ ఇప్పుడెందుకు?" బావగారు విసుక్కున్నాడు. "అది తెగదు కూడాను. చిన్నప్పుడు గాలిపటానికి కాగితం కత్తిరిద్దామని చూశాను. మొద్దు."

"ఎడమచేత్తో చూశారా?"

"ఎడమచేత్తో ఎవడు కత్తిరిస్తాడు?"

"అదే నేనూ అడుగుతున్నాను. అత్తయ్యా, ఎడమచేత్తో ఎవరు కత్తిరించారు?"

అత్తగారు లేచి వచ్చి కత్తెర చేతిలోకి తీసుకుంది. అరిగిన రింగు మీద వేలితో రాసింది.

"మా అత్తగారిచ్చారు," అంది. గొంతు చాలారోజులుగా వాడని తలుపులా కిర్రుమంది. "ఆవిడకి వాళ్ళత్తగారు ఇచ్చారట. అంతకుముందు ఎవరు ఎవరికిచ్చారో తెలీదు. మొదట మాత్రం ఒకావిడది. ఆవిడకి ఎడమచేతివాటం."

"అమ్మా!"

"చెప్పనీరా పెద్దోడా. ఒక్కసారి పూర్తిగా చెప్పనీ." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఆవిడ మొగుడు ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. ఇద్దరు మగపిల్లలు. మరుదులు వచ్చి, 'మా అన్నే లేనప్పుడు మా ఇంటిపేరు నీకెందుకు, నీ పిల్లలకెందుకు' అని గెంటేశారు. వీధి మలుపులో అరుగు మీద కూర్చుని బట్టలు కుట్టింది. కమ్మరి దగ్గరికి పోయి తన చేతికి తగ్గట్టు ఈ కత్తెర చేయించుకుంది. జనం ఆవిడ పేరు అడగలేదు. ఎడమచేతి ఆవిడ ఇల్లెక్కడా అని వచ్చేవాళ్ళు. ఇల్లు ఎడమచేతి ఇల్లయింది. పిల్లలు ఎడమచేతి ఇంటి పిల్లలయ్యారు. ఆ మాటే ఇంటిపేరై నిలిచింది."

"మరి ఆ వీరుడు? ఆ కోట?" బావగారి గొంతు పిల్లాడి గొంతులా అయిపోయింది.

"పిల్లలు పెద్దవాళ్ళయి నాలుగు డబ్బులు చూశాక, తల్లి చేతి పేరు చెప్పుకోవడం నామోషీ అనిపించింది. కత్తెర తీసేసి కత్తి పెట్టారు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్పాను. పదేళ్ళున్నాయి నీకు. సగం కూడా వినకుండా, అది కాదమ్మా, కత్తి కథ చెప్పు అన్నావు. నీ తమ్ముడికీ చెప్పాను. వాడు నిద్రపోయాడు. మీ నాన్నకి వాళ్ళమ్మ చెప్పింది. ప్రతి తరంలోనూ చెప్పాం. మేము దాచిందేమీ లేదు. మీరు వినలేదు."

టైలరమ్మకి అడగాల్సింది ఒకటి మిగిలింది. "మరి నాకు పెళ్ళైనప్పుడే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? ఇప్పుడైనా, ఒక్క మాట లేకుండా పడేసి వెళ్ళారు. తెంచుకోమంటున్నారనుకున్నాను."

అత్తగారి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "అది పెళ్ళికిచ్చే వస్తువు కాదు తల్లీ. మొగుడు వదిలేసిన కోడలికి ఇచ్చేది. నాకెప్పుడిచ్చారో తెలుసా? మీ మామగారు ఏడాది పాటు ఇంటి మొహం చూడనప్పుడు."

"నాన్న వ్యాపారం మీద వెళ్ళారని కదా..." బావగారు మొదలుపెట్టి, తల్లి చూపు చూసి ఊరుకున్నాడు.

"నేను కుట్టలేదు. ఆయన తిరిగొచ్చారు, దీన్ని పెట్టె అడుగున పడేశాను. ఆ ఏడాది సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తప్పు చేశాను. దీనికి సాన పట్టించి నీ దగ్గరికి తెచ్చిన రోజు అన్నీ చెబుదామనే వచ్చాను. నోరు పెగల్లేదు. వదిలేసింది నా కడుపున పుట్టినవాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

టైలరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. కాసేపటికి బావగారి వైపు తిరిగింది. ఆమె మాటలో తొణుకూ బెణుకూ లేవు.

"విన్నారుగా. ఇది కత్తి పట్టినవాడి పేరు కాదు. మొగుడు వదిలేసిన ఆడదాని పేరు. మీరు నా దగ్గర్నుంచి లాక్కోవాలనుకుంటున్నది ఆవిడ పేరు. ఈ ఇంట్లో ఇవాళ దానికి నాకంటే హక్కుదారులెవరున్నారో చూపించండి, సంతకం పెడతాను."

"కథలు కోర్టులో చెల్లవు," అన్నాడు బావగారు. కానీ ఆయన గోడమీది కత్తి వైపు చూడలేకపోయాడు. "కాగితం ముందుంది. పెడతావా, పెట్టవా?"

టైలరమ్మ ఎడమచేత్తో కత్తెర అందుకుంది. కాగితం పైకెత్తి రెండు బ్లేడుల మధ్య పెట్టింది.

"ఆగు!" అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

టైలరమ్మ కత్తెర ఆపింది. ఎంతైనా కొడుకు కదా, చివరికి అటే మొగ్గిందా ఈవిడ?

"బట్టలు కోసే కత్తెర కాగితం మీద పెట్టకూడదే. పదును పోతుంది," అంది అత్తగారు. కాగితం తన చేతిలోకి తీసుకుని నిలువునా చింపింది. ఆ రెండు ముక్కలూ కలిపి అడ్డంగా చింపింది. మడతపెట్టిన దుప్పటి మీద ఆ ముక్కలు పెట్టింది.

"నువ్వెవరి తరఫునమ్మా అసలు?" బావగారు కుర్చీలోంచి లేచిపోయాడు.

"నేను కూడా ఈ ఇంట్లో పుట్టలేదురా," అంది ఆవిడ. "అమ్మాయి స్క్రూలు ఇచ్చెయ్."

* * *

అత్తగారు నడిచి వచ్చింది. ఆటో పిలుస్తానంటే వద్దంది. షాపు ముందు స్టూలు వేసుకుని, వీధిలో అందరికీ కనిపించేలా కూర్చుంది. కాజాలక్క టీ తెచ్చిచ్చి, ఆవిడ మొహంలోకి వింతగా చూసి, అడగాలనుకున్న నలభై ప్రశ్నల్నీ బలవంతాన మింగేసింది.

మందుల షాపాయన నిచ్చెన ఇచ్చాడు, తనే ఎక్కి బిగిస్తానన్నాడు కూడా. టైలరమ్మ ఒప్పుకోలేదు. గోడలో పాత కన్నాలు పెళ్ళగిలిపోతే ఆయన చేతే కొత్తవి వేయించుకుంది గానీ, స్క్రూలు మాత్రం తనే బిగిస్తానంది. కాజాలక్క కింద నిచ్చెన పట్టుకుంది. బోర్డు భుజానికి ఆనించుకుని, ఎడమచేత్తో మొదటి స్క్రూ బిగించింది. అలవాటు లేని చెయ్యి. ప్రతి తిప్పుకీ స్క్రూడ్రైవరు జారింది. చెమట కళ్ళలోకి దిగింది. రెండోది బిగిసింది. వీధిలో పదిమంది చేరారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మూడోది బిగిసింది.

చప్పట్లు టక్కున ఆగిపోయాయి.

"నువ్వు తప్పుకో," అంది కింద ఒక మగ గొంతు. ఆ గొంతు విని ఎనిమిది నెలలైంది. కాజాలక్క బదులు ఇప్పుడు నిచ్చెన రెండు చేతులా పట్టుకున్నది అతను. ఆమె మొగుడు. వారం కిందటి దాకా మొగుడు. అన్న ఫోను చేసినట్టున్నాడు, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కాలరు వెనక్కి మడతపడి, లోపలి పట్టీ బయటికి కనిపిస్తోంది. అది ఆమె కుట్టిన చొక్కాయే.

"దిగు," అన్నాడు. "మర్యాదగా దిగు. లేకపోతే నిచ్చెన లాగేస్తాను."

స్టూలు మీంచి అత్తగారు లేచి నిలబడింది. కాజాలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టైలరమ్మ కిందికి చూసింది. భయం వేసింది. అబద్ధమెందుకు. పద్దెనిమిదేళ్ళు ఆ మనిషిని మీరు అనే పిలిచింది. ఏవండీ అనకుండా ఒక్క మాట మొదలుపెట్టలేదు.

నాలుగో స్క్రూ పళ్ళ మధ్యనుంచి తీసి, కన్నంలో పెట్టింది.

"నిచ్చెన గట్టిగా పట్టుకో," అంది. "ఇంకొక్కటే ఉంది."

కింద నిచ్చెన కదిలింది. ఆమె స్క్రూ తిప్పడం ఆపలేదు.